40 జట్లు, 20 వారాంతాలు: ఒక అండర్-15 జాతీయ ఫుట్‌బాల్ లీగ్ కేస్ స్టడీ

ఒక దేశపు ఫుట్‌బాల్ ఫెడరేషన్ అండర్-15 బాలుర కోసం పెట్టిన జాతీయ లీగ్ తొలి సీజన్ సగానికే చతికిలబడింది. రెండో సీజన్‌కి నిలదొక్కుకుంది. ఈ మధ్యలో ఏం మారింది, ఏ నిర్ణయం వెనక ఏ లెక్క ఉంది, ఏది బెడిసికొట్టింది అన్నదే ఈ కేసు. దేశం, జట్లు, మనుషులు గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ తీసేశాం. అంకెలను కూడా వాటి మధ్య పొంతన చెడకుండా మార్చాం.

నేపథ్యం

మొత్తం 40 జట్లు. వాటిలో 14 ప్రొఫెషనల్ క్లబ్బుల అకాడమీలవి, 17 ప్రైవేటు అకాడమీలవి, 9 స్పోర్ట్స్ హాస్టళ్లున్న పాఠశాలలవి. జట్టుకు 25 మంది చొప్పున వెయ్యి మంది పిల్లలు నమోదయ్యారు. పెద్దల లీగ్ నడిపే విభాగానికే ఈ పని కూడా అప్పగించారు. ఆ విభాగం తనకు చేతికొచ్చిన నమూనానే దింపింది: పదేసి జట్ల గ్రూపులు నాలుగు, ప్రతి ప్రత్యర్థితోనూ సొంత మైదానంలో ఒక మ్యాచ్, వాళ్ల మైదానంలో ఒక మ్యాచ్. ఒక్కో జట్టుకు 18 మ్యాచులు, గ్రూపుకు 90, నాలుగు గ్రూపులకు 360. ఆపైన గ్రూపు విజేతలకు నాకౌట్.

గ్రూపులు వేసేటప్పుడు బలాబలాలు సమంగా ఉండేలా డ్రా తీశారు. దూరం చూడలేదు. "జాతీయ లీగ్ అన్నాక దేశమంతా తిరగాలి కదా" అన్నది అప్పటి వాదన. ఈ మాట వినడానికి బాగానే ఉంటుంది, కానీ తర్వాత వచ్చిన ఇబ్బందుల్లో సగానికి పైగా దీని నుంచే పుట్టాయి.

క్యాలెండర్‌లో సీజన్ 36 వారాలు. 18 రౌండ్లకు రెట్టింపు వారాలున్నాయి గనక ఢోకా లేదనుకున్నారు. ఆ 36లో పిల్లలు నిజంగా ఆడగలిగేవి ఎన్నో ఎవరూ లెక్కేయలేదు. అర్ధ సంవత్సర, వార్షిక పరీక్షలు కలిపి 8 వారాలు. హాస్టళ్లు ఖాళీ అయ్యే సెలవులు 3. జాతీయ జట్టు శిబిరాలు 2. వర్షాలకు మైదానాలు పనికిరాని వారాలు 3. మొత్తం 16 పోతే మిగిలింది 20. 20 వారాంతాల్లో 18 రౌండ్లంటే ఏదైనా తప్పు జరిగితే సర్దుకోవడానికి మిగిలింది రెండే రెండు వారాలు.

సమస్య ఎలా బయటపడింది

11 వారాంతాలు గడిచి, తొమ్మిదో రౌండ్ ముగిసేసరికి 180 మ్యాచులు పూర్తవ్వాలి. 131 ఆడారు. 14 వాకోవర్లు, అంటే ఒక జట్టు రాకపోవడంతో ఎదుటి జట్టు గెలిచినట్టు రాసేసినవి. 35 వాయిదా. మిగిలిన 9 వారాంతాల్లో 9 రౌండ్లతో పాటు ఈ 35 బాకీలు కూడా తీర్చాలి.

వాయిదాలను కారణాల వారీగా విడగొట్టి చూశారు. ప్రయాణ ఏర్పాట్లు కుదరక 12, పాఠశాలల పరీక్ష తేదీలు ఒకచోట ఒకలా, మరోచోట మరోలా ఉండి 11, మైదానం దొరక్క 7, రిఫరీలు లేక 5. ఇక 14 వాకోవర్లలో 11 ఎదుటి ఊరికి వెళ్లాల్సిన జట్లవే. ఆ 11లో ఎనిమిదింటికి ఒకవైపు దూరం 400 కిలోమీటర్లు దాటింది.

ఆ దూరం పిల్లలకు ఎలా ఉంటుందో ఒక జట్టు ప్రయాణ పట్టికలో కనిపిస్తుంది. శుక్రవారం బడి వదలగానే సాయంత్రం 5కి బస్సు ఎక్కారు. శనివారం తెల్లవారి 3కి దిగారు. పొద్దున 9కి మ్యాచ్. మధ్యాహ్నం 1కి తిరుగు ప్రయాణం, రాత్రి 11కి ఇల్లు. 80 నిమిషాల ఆటకు 20 గంటలు బస్సులోనే గడిచాయి. పట్టిక అడుగున కోచ్ చేత్తో రాసుకున్న ఒక వాక్యం ఉంది: "రెండో సగంలో ముగ్గురికి పిక్కలు పట్టేశాయి." లీగ్ రికార్డుల్లో మాత్రం ఆ మ్యాచ్ "సజావుగా జరిగింది" అనే ఉంది.

వీటికి తోడు మరో రెండు ఫిర్యాదులు వచ్చాయి. ఒకటి వయసు: ఎదుటి జట్టులో వయసు మీరినవాళ్లున్నారని 9 లిఖిత ఫిర్యాదులు. రెండోది ఏకపక్ష ఫలితాలు. ఆడిన మ్యాచుల్లో దాదాపు నాలుగోవంతు ఆరు గోల్స్ లేదా అంతకన్నా ఎక్కువ తేడాతో ముగిశాయి.

మొదట చేసినవి, అవి ఎందుకు పనిచేయలేదు

తొలి మందు జరిమానా. రాని జట్టుకు వాకోవర్‌తో పాటు డబ్బు శిక్ష. రానివాళ్లు బద్ధకించి మానేశారనుకుంటేనే ఇది పనిచేస్తుంది. అసలు కారణం చేతిలో డబ్బు లేకపోవడం. ఫెడరేషన్ ప్రయాణ ఖర్చు ఇస్తూనే ఉంది, కానీ బిల్లులు పెట్టాక, వాటిని తనిఖీ చేశాక. చిన్న అకాడమీ నిర్వాహకుడు ముందు తన జేబులోంచి పెట్టి ఆరేడు వారాలు ఎదురుచూడాలి. మూడో ప్రయాణానికే చేతులెత్తేసేవాడు. పైగా ఇప్పుడు జరిమానా కూడా. రెండు జట్లు లీగ్ నుంచి తప్పుకుంటామని లేఖలు రాశాయి.

రెండో మందు వారం మధ్యలో మ్యాచులు. బాకీలు తీర్చడానికి బుధవారాలు కలిపారు. దాంతో కొన్ని జట్లు 8 రోజుల్లో 3 మ్యాచులు ఆడాయి, అందులో ఒకటి దూర ప్రయాణం. గాయాలు పెరిగాయి, పాఠశాలల నుంచి అభ్యంతరాలు వచ్చాయి. దానికి విరుగుడుగా జట్టు పరిమితిని 25 నుంచి 30కి పెంచారు, ఎక్కువ మంది ఉంటే అలసట పంచుకుంటారని. అలా జరగలేదు. పెద్ద అకాడమీలు పక్క అకాడమీల్లోని మంచి కుర్రాళ్లను ఆ అయిదు ఖాళీల్లో నమోదు చేసి బెంచీ మీద కూర్చోబెట్టాయి. ఆడింది మళ్లీ ఆ పదిహేను మందే. నా దృష్టిలో ఇది అన్నిటికన్నా నష్టం చేసిన నిర్ణయం. ఎందుకంటే బెంచీ మీద కూర్చున్న ఆ పిల్లలు తమ పాత జట్టులో ఉంటే ప్రతి వారం ఆడేవాళ్లు.

మూడో మందు, వయసు తేల్చడానికి వెయ్యి మందికీ మణికట్టు ఎంఆర్ఐ తీయాలన్న ప్రతిపాదన. అమలు కాకముందే దీన్ని ఆపారు. ఆ వాదన గురించి కింద వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇదే పొరపాటుకు ఇంకా చాలా లీగ్‌లు సిద్ధపడుతుంటాయి.

సీజన్ ముగిసేసరికి 360 మ్యాచుల్లో 268 మైదానంలో జరిగాయి. 37 వాకోవర్లు, 55 రద్దు. సగటున జట్టుకు 13 మ్యాచులకు పైనే పడ్డట్టు. సగటు చూస్తే ఫరవాలేదనిపిస్తుంది. జట్టు వారీగా చూస్తే ఒకటి 18కి 17 ఆడింది, మరొకటి 8 దగ్గర ఆగిపోయింది. ఆ ఎనిమిది ఆడిన జట్టులోని పిల్లలకు ఏడాది మొత్తం వృథా అయినట్టే.

ఫార్మాట్‌ను తిరగరాసిన తీరు

రెండో సీజన్ ప్రణాళికలో ముందు "ఎన్ని మ్యాచులు కావాలి" అన్న ప్రశ్నను పక్కన పెట్టారు. 20 వారాంతాల నుంచి మొదలుపెట్టారు. అందులో 5 తప్పనిసరిగా ఖాళీగా ఉంచాలని తేల్చారు, అంటే నాలుగోవంతు. తొలి ఏడాది వాయిదాల నిష్పత్తి చూస్తే అంతకన్నా తక్కువ సరిపోదు. మిగిలిన 15లో ఇమిడేదే లీగ్.

దూరాన్ని బట్టి అయిదేసి జట్లతో 8 జోన్లు వేశారు. జోన్‌లో ప్రతి ప్రత్యర్థితో రెండుసార్లు: జట్టుకు 8 మ్యాచులు, జోన్‌కు 20, మొత్తం 160. బేసి సంఖ్య గనక ప్రతి రౌండ్‌లో ఒక జట్టుకు విశ్రాంతి, కాబట్టి 10 రౌండ్లు. ఆరేసి జట్లయితే రౌండ్లు అవే 10 గానీ ఎవరికీ విశ్రాంతి ఉండదు, దూరాలు పెరుగుతాయి. ఇక్కడ బేసి సంఖ్యను కావాలనే ఎంచుకున్నారు. ఫిక్స్చర్, అంటే ఎవరు ఎప్పుడు ఎవరితో ఆడాలన్న పట్టిక వేయడం తేలిక: అయిదు జట్లకు "విశ్రాంతి" అన్న ఆరో పేరు కలిపి, దాన్ని ఒక గడిలో కదలకుండా ఉంచి, మిగతా అయిదింటినీ రౌండుకు ఒక గడి చొప్పున తిప్పుతారు. బేసి సంఖ్య జట్లకు ఇంకో సౌలభ్యం ఉంది. ఒక చుట్టు మ్యాచుల్లో ఏ జట్టుకూ వరసగా రెండు ప్రయాణాలు పడకుండా, ప్రతి జట్టుకూ రెండు సొంత మ్యాచులు, రెండు బయటి మ్యాచులు వచ్చేలా వేయొచ్చు. సరి సంఖ్యకు అది పూర్తిగా కుదరదు.

రెండో దశలో జోన్‌కు మొదటి రెండు చొప్పున 16 జట్లు నాలుగేసి ఉన్న 4 ఎలీట్ గ్రూపుల్లోకి వెళ్తాయి. మిగతా 24 జట్లు ఆరేసి ఉన్న 4 డెవలప్‌మెంట్ గ్రూపుల్లో, పక్క జోన్ల జట్లతో ఒక్కోసారి ఆడతాయి. ఇందులో జట్టుకు 5 మ్యాచులు, 5 వారాంతాలు. జోన్ దశ 10, ఇది 5, కలిపి 15.

ఎలీట్ మ్యాచులను వారాంతాల్లో పెట్టలేదు, మళ్లీ ఆ దూరాలే వస్తాయి గనక. సెలవుల్లో రెండుసార్లు గ్రూపులోని నాలుగు జట్లనూ ఒకేచోట చేర్చి, ఒకటో రోజు, మూడో రోజు, అయిదో రోజు మ్యాచులు పెట్టారు. ఒక్కసారి ప్రయాణిస్తే మూడు మ్యాచులు, మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య 48 గంటలు. ఇలాంటి రెండు సమావేశాలకు 6 మ్యాచులు. గ్రూపుకు 12 చొప్పున 48, డెవలప్‌మెంట్ గ్రూపులకు 15 చొప్పున 60, గ్రూపు విజేతలకు సెమీఫైనల్స్, మూడో స్థానం, ఫైనల్ కలిపి 4. మొత్తం 272. కాగితం మీద 88 మ్యాచులు తగ్గాయి. ఫెడరేషన్ పెద్దలు దీనికి ఒప్పుకోవడానికే నెల పట్టింది. జట్టుకు 18 అని రాసి 8 ఆడించడం కన్నా, 13 అని రాసి 13 ఆడించడం పిల్లలకు మేలు అన్న ఒక్క లెక్క చివరికి వాళ్లను ఒప్పించింది.

ఖాళీ వారాలు ఎక్కడ పెట్టాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది. మొదటి చిత్తులో అయిదింటినీ సీజన్ చివర పెట్టారు. అలా పెడితే సెప్టెంబరులో వాయిదా పడిన మ్యాచ్ ఏప్రిల్‌లో జరుగుతుంది. అప్పటికి పట్టికలో ఎవరికి ఏం కావాలో అందరికీ తెలిసిపోతుంది, కొన్ని జట్లకు ఆసక్తే ఉండదు. అందుకే నాలుగో రౌండ్ తర్వాత ఒకటి, ఏడో రౌండ్ తర్వాత ఒకటి, జోన్ దశ ముగిశాక ఒకటి, రెండో దశలో రెండు ఉంచారు. వాయిదా పడిన మ్యాచ్ తర్వాతి ఖాళీ వారంలోనే జరగాలి, అక్కడా జరగకపోతే ఇక జరగదు అని నియమం పెట్టారు.

మధ్యలో ఒక జట్టు తప్పుకుంటే ఏం చేయాలో కూడా ముందే రాసి పెట్టారు. జోన్ మ్యాచుల్లో సగం కన్నా తక్కువ ఆడి వెళ్లిపోతే దాని ఫలితాలన్నీ చెరిపేస్తారు. సగమో అంతకన్నా ఎక్కువో ఆడి వెళ్తే ఉన్న ఫలితాలు ఉంటాయి, మిగతావి ప్రత్యర్థులకు వాకోవర్. సీజన్ మధ్యలో ఈ నియమం రాయడానికి కూర్చుంటే ప్రతి జట్టూ తనకు పనికొచ్చే మాటే చెబుతుంది.

పాయింట్లు సమమైతే గోల్ తేడాకన్నా ముందు ముఖాముఖి ఫలితం చూడాలని మార్చారు. గోల్ తేడా ముందుంటే 7-0 మీద ఉన్న జట్టుకు పద్నాలుగో గోల్ కొట్టాలన్న ప్రోత్సాహం నియమావళే ఇస్తుంది. అవతల నిలబడ్డవాళ్లు పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు.

ఆట నిమిషాలు

ఫుట్‌బాల్ నియమాలను చూసే ఐఎఫ్‌ఏబీ యువ ఆటగాళ్ల పోటీల్లో కొన్ని మార్పులకు జాతీయ సంఘాలకు వీలిస్తుంది: మైదానం కొలతలు, బంతి పరిమాణం, గోల్ కొలతలు, ఆట వ్యవధి, బయటికొచ్చిన ఆటగాడు తిరిగి లోపలికి వెళ్లే సబ్‌స్టిట్యూషన్. ఇక్కడ 40 నిమిషాల సగాలు రెండు, తిరిగి వెళ్లే సబ్‌స్టిట్యూషన్, 5వ నంబరు బంతి తీసుకున్నారు.

ప్రతి పిల్లవాడికీ ఆట దక్కాలని, టీమ్ షీట్‌లో (మ్యాచ్ రోజు జట్టు ఇచ్చే పేర్ల జాబితా) పేరున్న అందరూ కనీసం సగం మ్యాచ్ ఆడాలని ముందు నియమం పెట్టారు. మూడు వారాల్లోనే దాని లొసుగు బయటపడింది. కోచ్‌లు 18 పేర్ల బదులు 13 పేర్లే రాయడం మొదలుపెట్టారు. పేరే లేకపోతే ఆడించాల్సిన పనే లేదు. ఆ అయిదుగురు పిల్లలు ఇంటి దగ్గరే ఉండిపోయారు. నియమాన్ని రెండువైపుల నుంచీ కట్టారు: షీట్‌లో కనీసం 16 పేర్లు, ప్రతి ఒక్కరికీ కనీసం 20 నిమిషాలు. సగం మ్యాచ్ అన్నది కోచ్‌లకు బరువైంది. 20 నిమిషాలంటే దాదాపు అందరూ పాటించారు.

సెలవుల సమావేశాలకు ఇంకో పరిమితి కావాల్సి వచ్చింది. 3 మ్యాచులంటే 240 నిమిషాలు. అయిదు రోజుల్లో ఒకరు 160 దాటకూడదన్నారు. ఇది ఆచరణలో కుదురుతుందో లేదో కూడిక చేసి చూసుకోవాలి. 11 మంది, 240 నిమిషాలు: 2640. 16 మందితో వచ్చిన జట్టుకు గరిష్ఠంగా 2560 నిమిషాలే ఉంటాయి, అంటే నియమం పాటించడం అసాధ్యం. 17 మందితో 2720, అది కూడా ఒక్కరు గాయపడితే చాలదు. అందుకే సమావేశానికి 18 మంది తప్పనిసరి. నిమిషాల లెక్క మైదానం గీత బయట ఉండే నాలుగో అధికారి బాధ్యత. సబ్‌స్టిట్యూషన్ జరిగినప్పుడల్లా లోపలికి, బయటికి అని రెండు నిలువు వరసల్లో రాసుకుని, మ్యాచ్ అయ్యాక ఇద్దరు కోచ్‌లతోనూ సంతకం పెట్టించుకోవాలి. మొదట్లో ఈ లెక్క కోచ్‌లకే వదిలేశారు, ఏ రెండు షీట్లూ కలవలేదు.

వయసు: ఏ పరీక్ష ఎక్కడ పనికొస్తుంది

2009లో నైజీరియాలో జరిగిన అండర్-17 ప్రపంచకప్ నుంచి ఫిఫా మణికట్టు ఎంఆర్ఐ వాడుతోంది. ముంజేతి ఎముక కొనలోని ఎదుగుదల పొర ఎంత మూసుకుందో ఆరు దశలుగా చూస్తారు. పూర్తిగా మూసుకున్న ఆరో దశ 17 ఏళ్లలోపు అబ్బాయిల్లో చాలా అరుదు. అందుకే అది అండర్-17 బాలురకు పనికొస్తుంది.

అదే పరీక్షను అండర్-15కి తెస్తే తలకిందులవుతుంది. 14 అని చెప్పుకునే 16 ఏళ్ల కుర్రాడికి కూడా ఆ పొర ఇంకా పూర్తిగా మూసుకోదు. పరీక్ష దాటేస్తాడు, పైగా "ఎంఆర్ఐలో తేలింది" అన్న ముద్ర వేసుకుని వస్తాడు. మోసాన్ని పట్టాల్సిన పరీక్ష దానికి రక్షణగా మారుతుంది. ఎక్స్‌రేతో ఎముకల వయసు లెక్కగట్టే పద్ధతులున్నాయి గానీ, ఎముకల వయసుకీ పుట్టిన తేదీకీ ఒక ఏడాది తేడా ఉండటం ఆరోగ్యవంతులైన పిల్లల్లో మామూలే. గీత గీసి పంపేస్తే తొందరగా ఎదిగిన నిజాయితీపరుడే ముందు బలైపోతాడు. ఆడపిల్లల ఎముకలు ఇంకా ముందే మూసుకుంటాయి గనక బాలుర కొలబద్ద వాళ్లకు అసలు వర్తించదు.

కాబట్టి పత్రాల వైపు వెళ్లారు, కానీ చూసే తీరు మార్చారు. అంతకుముందు రిజిస్ట్రేషన్ గుమాస్తాలు జనన ధ్రువపత్రంలో పుట్టిన తేదీ గడి చూసి ఫారంలో ఎక్కించేవాళ్లు. ఇప్పుడు ముందు చూసేది దాని కింద ఉండే నమోదు తేదీ గడి. ఫిర్యాదు వచ్చిన ఒక కుర్రాడి పత్రంలో పుట్టిన తేదీ జనవరి 4. ముద్ర, సంతకం, కాగితం అన్నీ అసలువే. నమోదు తేదీ మాత్రం పుట్టిన పన్నెండేళ్లకు, అకాడమీలో చేరడానికి సరిగ్గా మూడు వారాల ముందు. పత్రం నకిలీ కాదు, అందులో చెప్పిన తేదీని నమ్మడానికే ఆధారం లేదు.

నియమం ఇలా రాశారు. పుట్టిన ఏడాదిలోపు నమోదైన పత్రమైతే చాలు. ఆలస్యంగా నమోదైతే, ఒకదాన్ని చూసి ఒకటి రాయని రెండు పాత ఆధారాలు కావాలి: టీకాల కార్డు, ఒకటో తరగతి ప్రవేశ రిజిస్టరు లాంటివి. వెయ్యి మందిలో 812 మంది మొదటి కోవలోకి వచ్చారు. 188లో 131 మంది రెండో ఆధారం తెచ్చారు. మిగిలింది 57. వాళ్ల కోసం 30 రోజుల గడువు ఇచ్చి, ఈలోగా తేదీ సరిచేసుకుంటే ఏ శిక్షా ఉండదని, అసలు వయసుకు తగ్గ విభాగంలో ఆడొచ్చని చెప్పారు. 38 మంది తమంతట తామే వచ్చారు. 19 మందిదే విచారణ దాకా వెళ్లింది.

ఈ 30 రోజుల గడువు గురించి గట్టి వాదనే జరిగింది. తప్పు చేసినవాడిని వదిలేస్తున్నామన్నారు కొందరు. కానీ పదకొండేళ్ల పిల్లవాడు తన జనన పత్రాన్ని తానే వెళ్లి రాయించుకోడు. పెద్దవాళ్లు చేసిన పనికి పిల్లవాడి ఆట ఆపేస్తే మిగతావాళ్లు ఇంకా లోతుగా దాచుకుంటారు. శిక్షను అకాడమీ మీద పెట్టారు: గడువు తర్వాత రుజువైన ప్రతి కేసుకూ తర్వాతి సీజన్‌లో నమోదు పరిమితిలో ఇద్దరు తగ్గుతారు. డబ్బు జరిమానా పెద్ద అకాడమీకి లెక్క కాదు, ఆటగాళ్ల ఖాళీలు తగ్గితే లెక్కే.

మ్యాచ్ రోజు తనిఖీ ఆట మొదలవడానికి 45 నిమిషాల ముందు. మ్యాచ్‌ను పర్యవేక్షించే కమిషనర్ ఎదుట పిల్లలు చొక్కా నంబరు వరసలో నిలబడతారు. కార్డు మీది ఫొటోతో ముఖం పోల్చి, పేరు, పుట్టిన తేదీ, ఏ తరగతో అడుగుతారు. తేదీ బట్టీ పట్టిన కుర్రాడు కూడా తరగతి దగ్గర తడబడతాడు. అనుమానం వస్తే అక్కడ ఏమీ అనకూడదు, నోట్ చేసుకుని ఆడనివ్వాలి. మిగతా పిల్లల ముందు నిలదీయకూడదని స్పష్టంగా రాశారు. ఫిర్యాదు ఉంటే మ్యాచ్ ముగిసిన 2 గంటల్లోపు లిఖితంగా ఇవ్వాలి, తీర్పు 72 గంటల్లో రావాలి. తొలి సీజన్‌లో కమిటీ నెలకోసారి కూర్చునేది. తీర్పు వచ్చేలోగా ఆ జట్టు మరో నాలుగు మ్యాచులు ఆడేసేది, వాటినేం చేయాలో ఎవరికీ తెలిసేది కాదు.

రిఫరీలు, మైదానాలు, డబ్బు

ఒకే రోజు 20 మ్యాచులంటే ముగ్గురేసి చొప్పున 60 మంది కావాలి. అర్హులు 44 మంది. కొత్త ఫార్మాట్‌లో రౌండుకు 16 మ్యాచులే. వాటినీ శని, ఆదివారాలకు పంచారు. రోజుకు 8 మ్యాచులు, 24 మంది చాలు.

ప్రయాణ సాయాన్ని కిలోమీటరుకు ఇంత అన్న స్థిర రేటుకు మార్చి, జోన్ దశకు సరిపడా సగం సీజన్ మొదలవకముందే ఇచ్చారు. మిగతా సగం అయిదో రౌండ్ తర్వాత, అప్పటిదాకా అన్ని మ్యాచులకూ హాజరైతేనే. బిల్లుల తనిఖీ పోయింది, జరిమానా కూడా అవసరం లేకపోయింది.

మైదానం తనిఖీ పట్టికలో మొదటి అంశం గోల్‌పోస్టులు నేలకు బిగించి ఉన్నాయా అన్నది. కదిలే గోల్‌పోస్టులు మీద పడి పిల్లలు చనిపోయిన సంఘటనలు చాలా దేశాల్లో ఉన్నాయి. వెనక పట్టీ మీద ఇసుక బస్తాలో, మేకులో లేకుండా మ్యాచ్ మొదలవదు. రెండోది ప్రథమ చికిత్స తెలిసిన మనిషి, వాహనం. తలకు దెబ్బ తగిలి కన్కషన్ (మెదడు అదరడం) అనుమానం వస్తే ఆ రోజుకు తిరిగి లోపలికి వెళ్లడం లేదు. తిరిగి వెళ్లే సబ్‌స్టిట్యూషన్ ఉన్న లీగ్‌లో ఈ మాట విడిగా రాయకపోతే అదే దారిలో పిల్లవాణ్ని మళ్లీ దింపుతారు. ఎండకు డబ్ల్యూబీజీటీ కొలత వాడారు, అది వేడి, తేమ, ఎండ, గాలి అన్నిటినీ కలిపి చూసే కొలత. 32 డిగ్రీలు దాటితే ప్రతి సగంలోనూ 20వ నిమిషం దగ్గర చల్లబరుచుకునే విరామం. ఇది నియమాల ప్రకారం 90 సెకన్ల నుంచి 3 నిమిషాల దాకా ఉండొచ్చు.

రెండో సీజన్‌లో బయటపడినవి

272లో 264 మ్యాచులు జరిగాయి, 5 వాకోవర్లు, 3 రద్దు. జోన్ దశలో పెద్ద తేడా ఫలితాలు అంతగా తగ్గలేదు, 160లో 34. దూరాన్ని బట్టి జోన్లు వేస్తే బలాబలాలు సమంగా రావు, అది ముందే తెలుసు. రెండో దశలో 112లో 7కి పడిపోయాయి. డెవలప్‌మెంట్ గ్రూపులను ఓడినవాళ్ల మూలగా చూడకుండా, తమ స్థాయి ప్రత్యర్థులతో ఆడే చోటుగా చూడాలన్న మాటకు ఈ అంకెలే ఆధారం.

కొత్త ఫార్మాట్ కొత్త ప్రమాదాన్ని కూడా తెచ్చింది. సమావేశాలంటే పిల్లలు నాలుగైదు రాత్రులు బయట ఉండటం. మొదటి సమావేశంలో ఒకచోట పెద్ద హాలులో నాలుగు జట్ల పిల్లలు, కోచ్‌లు, డ్రైవర్లు అందరూ కలిసి పడుకున్నారు. చెడు ఏదీ జరగలేదు. అయినా రెండో సమావేశానికి ముందే నియమాలు వచ్చాయి: పెద్దవాళ్లకూ పిల్లలకూ వేరు గదులు, ఏ పిల్లవాడితోనూ ఒంటరిగా ఒక పెద్దమనిషి ఉండకుండా ప్రతి జట్టుకూ కనీసం ఇద్దరు, గదుల జాబితా వారం ముందే ఫెడరేషన్‌కి, ఫిర్యాదు చేయడానికి జట్టుతో సంబంధం లేని ఒక మనిషి నంబరు ప్రతి గది తలుపు మీద. ఇవి ఫార్మాట్‌తో పాటే రాయాల్సింది, ఆలస్యమైంది.

రెండో లోపం చివరి రౌండ్‌ది. ఒక జోన్‌లో ఒక జట్టుకు పదో రౌండ్‌లో విశ్రాంతి పడింది. దాని మ్యాచులు అయిపోయాయి, పాయింట్లు అందరికీ తెలుసు. ఆ రౌండ్ మ్యాచుల్లో ఒకదాంట్లో తలపడుతున్న రెండు జట్లకూ డ్రా అయితే చాలు, రెండూ ఎలీట్‌కి వెళ్తాయి. చివరి ఇరవై నిమిషాలు బంతి సగం గీత దాటలేదు. 1982లో స్పెయిన్‌లోని గిహోన్‌లో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా ఇలాగే ఇద్దరికీ సరిపోయే స్కోరు రాగానే ఆటను సాగదీసిన మ్యాచ్ తర్వాతే ప్రపంచకప్‌లో గ్రూపు చివరి మ్యాచులను ఒకే సమయంలో పెట్టడం మొదలైంది. బేసి సంఖ్య గ్రూపుకు ఆ మందు పూర్తిగా పనిచేయదు, ఎవరో ఒకరు ఖాళీగా ఉండక తప్పదు. చేయగలిగింది ఒకటి: చివరి రౌండ్ విశ్రాంతిని చీటీల డ్రాకి వదలకుండా, గత సీజన్‌లో జోన్‌లో అడుగున నిలిచిన జట్టుకు ఇవ్వడం. ఆ జట్టు పోటీలో ఉండే అవకాశం అందరికన్నా తక్కువ. ప్రమాదం తగ్గుతుంది, పోదు.

రిజిస్టరు చూస్తే ఇంకో విషయం కనిపిస్తుంది. వయసు గీత జనవరి 1. నమోదైన పిల్లల్లో జనవరి నుంచి మార్చి మధ్య పుట్టినవాళ్లు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య పుట్టినవాళ్లకు రెట్టింపు దాటారు. పది, పదకొండు నెలల ముందు పుట్టినవాడు ఎత్తూ బలమూ ఉండి ఎంపికల్లో ముందు కనబడతాడు. లీగ్ ఎంత సవ్యంగా నడిచినా ఈ వంకర అకాడమీ ఎంపికల దగ్గరే పడుతోంది. 20 నిమిషాల నియమం దాన్ని కాస్త మెత్తబరిచిందేమో గానీ సరిచేయలేదు. మూడో సీజన్‌కి షీట్‌లోని 16 పేర్లలో కనీసం ఇద్దరు ఏడాది చివరి మూడు నెలల్లో పుట్టినవాళ్లు ఉండాలన్న ప్రతిపాదన చర్చలో ఉంది. 13 పేర్ల అనుభవం తర్వాత, కోచ్‌లు దీన్ని ఏ దారిలో తప్పించుకోగలరో ముందు రాసి చూసుకుంటున్నారు.

ఇక జోన్లలో ఒకదానికి చివరి వరకూ పరిష్కారం దొరకలేదు. అందులో నాలుగు జట్లు వంద కిలోమీటర్ల లోపు ఉన్నాయి, అయిదోది మూడు వందల పైచిలుకు దూరంలో. ఏ జోన్‌లో వేసినా దానికి దగ్గర ఎవరూ లేరు. దాని బయటి మ్యాచులు నాలుగింటినీ రెండు ప్రయాణాలుగా జత కలిపి, శనివారం ఒక ఊళ్లో, సోమవారం సెలవున్నచోట ఇంకో ఊళ్లో ఆడించారు. దాంతో ఆ పిల్లలకు నాలుగు ప్రయాణాలు రెండయ్యాయి. సొంత మ్యాచులకు వచ్చే జట్లకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. రెండో సీజన్ 5 వాకోవర్లలో 3 ఆ మైదానంలోనే.